ఐరోపాలో థ్రాష్ మెటల్ సంగీతం: ఆవిర్భావం, వికాసం, నిలిచిన ఆదరణ

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• 1980 దశకం మొదట్లో పశ్చిమ ఐరోపా యువత ఎదుర్కొన్న ఆర్థిక, రాజకీయ పరిస్థితులు
• థ్రాష్ మెటల్ సంగీత లక్షణాలు, దాని బ్రిటిష్, అమెరికన్ మూలాలు
• జర్మనీ, స్విట్జర్లాండ్, డెన్మార్క్, బ్రిటన్ దేశాల్లోని ముఖ్య బృందాలు, వాటిని కలిపిన సమాచార మార్గాలు
• ఈ సంగీతం 1990ల్లో వెనుకబడి, 2000 తరవాత తిరిగి పుంజుకోవడానికి కారణాలు

12.1 పరిచయం

ఐరోపా సంగీత చరిత్ర అనగానే రాజాస్థానాలు, చర్చిలు, సంగీత నాటకశాలలు, గొప్ప స్వరకర్తలు గుర్తుకు వస్తారు. ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగాన్ని అధ్యయనం చేసేటప్పుడు ఈ జాబితా సరిపోదు. సంగీత శిక్షణ లేని సామాన్య కుటుంబాల యువకులు చవకరకం వాద్యాలతో, అద్దె గదుల్లో సృష్టించిన సంగీతం కూడా ఆ కాలానికి ముఖ్యమైన చారిత్రక ఆధారమే. అలాంటి వాటిలో థ్రాష్ మెటల్ ఒకటి.

థ్రాష్ మెటల్ అనేది హెవీ మెటల్ సంగీతంలో ఒక శాఖ. అతివేగం, కరకుదనం దీని ప్రధాన లక్షణాలు. దీని పుట్టుక గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఐరోపా థ్రాష్ అమెరికాలోని కాలిఫోర్నియా బృందాలకు అనుకరణ మాత్రమే అనేది మొదటిది. జర్మనీలోని బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాల రొదే ఈ సంగీతంగా మారింది అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు. దేశాల సరిహద్దులు దాటి తపాలా ద్వారా, కాసెట్ల ద్వారా, చిన్న రికార్డు కంపెనీల ద్వారా ఏర్పడిన సంబంధాల వల్లే ఈ సంగీతం రూపుదిద్దుకొంది. పారిశ్రామిక సంక్షోభం దానికి ఇతివృత్తాన్ని, శ్రోతలను ఇచ్చింది. ఈ వాదాన్ని ఆధారాలతో పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం.

12.2 చారిత్రక నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం తరవాత పశ్చిమ జర్మనీ సాధించిన ఆర్థిక ప్రగతికి రూర్ ప్రాంతం గుండెకాయ వంటిది. ఎస్సెన్, గెల్సెన్‌కిర్హెన్, డార్ట్‌మండ్, బోఖుమ్, డ్యూయిస్‌బర్గ్ నగరాలు బొగ్గు, ఉక్కు పరిశ్రమల మీద ఆధారపడి పెరిగాయి. 1957లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో సుమారు 6 లక్షల మంది పనిచేసేవారు. చవకగా దొరికే చమురు, దిగుమతి బొగ్గు కారణంగా 1958 నుంచి గనులు ఒక్కొక్కటిగా మూతపడసాగాయి. 1980 నాటికి కార్మికుల సంఖ్య మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. తరవాత ఉక్కు పరిశ్రమ వంతు వచ్చింది. 1987 చివర డ్యూయిస్‌బర్గ్‌లోని రైన్‌హౌసెన్ ఉక్కు కర్మాగారాన్ని మూసివేస్తామన్న ప్రకటన నెలల తరబడి సాగిన కార్మిక పోరాటానికి దారితీసింది.

తాత, తండ్రి దిగిన గనిలోకే కొడుకు కూడా దిగుతాడనే నమ్మకం ఈ ప్రాంత కుటుంబ జీవితానికి పునాది. ఆ నమ్మకం 1980 నాటికి సడలిపోయింది. 1983లో పశ్చిమ జర్మనీ నిరుద్యోగుల సంఖ్య 20 లక్షలు దాటింది. బడి ముగించిన యువకుడి ముందు రెండే దారులు కనిపించేవి. ఒకటి మూతపడబోతున్న పరిశ్రమలో చేరడం, రెండోది పని లేకుండా ఉండటం.

దీనికి అణుయుద్ధ భయం తోడైంది. ఐరోపాలో మధ్యశ్రేణి అణు క్షిపణులను మోహరించాలని నాటో కూటమి 1979 డిసెంబరులో నిర్ణయించింది. 1981 అక్టోబరులో బాన్ నగరంలో లక్షలాది మంది దానికి వ్యతిరేకంగా ప్రదర్శన జరిపారు. అయినా 1983 చివరి నుంచి పశ్చిమ జర్మనీలో పెర్షింగ్-2 క్షిపణుల మోహరింపు మొదలైంది. 1986 ఏప్రిల్ 26న జరిగిన చెర్నోబిల్ ప్రమాదం అణుభయాన్ని ప్రతి ఇంటి వంటగదిలోకి తెచ్చింది. పాలు, కూరగాయలు తినవచ్చా లేదా అని జనం సందేహించిన రోజులవి. యుద్ధం వస్తే ముందుగా నాశనమయ్యేది తమ దేశమే అన్న స్పృహతో ఒక తరం పెరిగింది. ఆ తరం పాటల్లో ప్రపంచ వినాశనం తరచుగా కనిపించడానికి ఈ నేపథ్యమే కారణం.

12.3 సంగీత మూలాలు, లక్షణాలు

థ్రాష్ మెటల్‌కు ముడిసరుకు ప్రధానంగా బ్రిటన్ నుంచి వచ్చింది. 1975లో ఏర్పడిన మోటర్‌హెడ్ బృందం హెవీ మెటల్ బరువును పంక్ సంగీతపు వేగంతో కలిపింది. న్యూకాసిల్‌కు చెందిన వెనమ్ బృందం 1981, 1982 సంవత్సరాల్లో విడుదల చేసిన తొలి రెండు ఆల్బమ్‌లు ఇంకా కరకుగా ఉన్నాయి. వాటి రికార్డింగ్ నాణ్యత తక్కువే. అయితే ఆ ముతకదనమే ఐరోపా యువకులను ఆకర్షించింది. స్టోక్-ఆన్-ట్రెంట్ పట్టణానికి చెందిన పంక్ బృందం డిస్చార్జ్ అణుయుద్ధ వ్యతిరేకతను అతివేగమైన డ్రమ్ముల దరువుతో జోడించి చెప్పింది. ఈ మూడింటి ప్రభావం తరవాతి బృందాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ సంగీతాన్ని మొదటిసారి వినేవారికి అది గోలగా అనిపించవచ్చు. కాని దానికి ఒక నిర్మాణం ఉంది. కుడి అరచేతి అంచుతో గిటార్ తీగలను కొద్దిగా అదిమి వేగంగా మీటడం వల్ల పొడిగా, తెగినట్టుగా ఉండే శబ్దం వస్తుంది. ఇలా పదేపదే వినిపించే చిన్న స్వరవరసను రిఫ్ అంటారు. పాటకు ఆధారం రాగం కాదు, ఈ రిఫ్‌ల వరసే. డ్రమ్ములు వాయించే వ్యక్తి రెండు పాదాలతోనూ పెద్ద డ్రమ్మును మోగిస్తాడు. గాత్రం పాడటానికీ అరవడానికీ మధ్యలో ఉంటుంది. అతివేగ భాగం తరవాత ఒక్కసారిగా నెమ్మదైన బరువైన భాగం రావడం శ్రోతలను కదిలించే పద్ధతి.

ఇప్పుడు అనుకరణ వాదాన్ని పరిశీలిద్దాం. కాలిఫోర్నియా బృందం మెటాలికా తొలి ఆల్బమ్ 1983 జులైలో, స్లేయర్ తొలి ఆల్బమ్ అదే సంవత్సరం డిసెంబరులో వెలువడ్డాయి. జర్మనీలో సోడమ్, డిస్ట్రక్షన్, టాంకార్డ్ బృందాలు, తరవాత క్రియేటర్‌గా పేరు మార్చుకొన్న టార్మెంటర్ బృందం 1982 నాటికే ఏర్పడ్డాయి. కాబట్టి జర్మన్ బృందాల పుట్టుకకు అమెరికా ఆల్బమ్‌లు కారణం కాలేదు. అయితే తొలి రికార్డులు చేసే నాటికి వారు ఆ అమెరికన్ ఆల్బమ్‌లను శ్రద్ధగా విన్నారన్నది కూడా నిజమే.

ప్రభావం రెండు వైపులా సాగింది. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ డెన్మార్క్‌లో పుట్టినవాడు. అతడు 1981లో డైమండ్ హెడ్ అనే బ్రిటిష్ బృందాన్ని చూడటానికి అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్లాడు. 1984 ఫిబ్రవరిలో మెటాలికా తొలి ఐరోపా పర్యటన వెనమ్ బృందంతో కలసి జరిగింది. ఆ బృందం రెండో, మూడో ఆల్బమ్‌ల రికార్డింగ్ కోపెన్‌హాగన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో ఫ్లెమింగ్ రాస్ముసెన్ చేతుల మీదుగా సాగింది. ఒకే బ్రిటిష్ మూలం నుంచి రెండు ఖండాల్లో దాదాపు ఒకే కాలంలో రెండు శాఖలు పెరిగి, తరవాత పరస్పరం ప్రభావితమయ్యాయని చెప్పడం సమంజసం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. థ్రాష్ మెటల్‌పై ప్రభావం చూపిన మూడు బ్రిటిష్ బృందాలను పేర్కొనండి.
2. ఐరోపా థ్రాష్ అమెరికాకు అనుకరణ అనే వాదాన్ని ఏ ఆధారంతో ప్రశ్నించవచ్చు?

12.4 జర్మన్ బృందాలు

క్రియేటర్, సోడమ్, డిస్ట్రక్షన్, టాంకార్డ్ బృందాలను కలిపి జర్మన్ థ్రాష్‌లో నాలుగు పెద్ద బృందాలుగా పరిగణిస్తారు.

క్రియేటర్ ఎస్సెన్ నగరంలోని ఆల్టెన్ఎస్సెన్ ప్రాంతానికి చెందింది. దాని నాయకుడు మిల్లె పెట్రోట్సా ఇటాలియన్ మూలాలు గల కుటుంబంలో 1967 డిసెంబరులో జన్మించాడు. యుద్ధానంతర పరిశ్రమల కోసం దక్షిణ ఐరోపా నుంచి వలస వచ్చిన కుటుంబాలు రూర్ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఈ బృందం సాధన చేసిన చోటు కార్ల్ గని. బొగ్గు తవ్వకం ఏనాడో ఆగిపోయిన ఆ ప్రాంగణాన్ని స్థానికులు సాంస్కృతిక కేంద్రంగా మార్చుకొన్నారు. తొలి ఆల్బమ్ ఎండ్‌లెస్ పెయిన్ 1985లో బెర్లిన్‌లో రికార్డయ్యే నాటికి పెట్రోట్సా వయసు 17 సంవత్సరాలు. 1986లో వచ్చిన రెండో ఆల్బమ్ ప్లెజర్ టు కిల్ అంతకు ముందు వినని వేగాన్ని, కాఠిన్యాన్ని ప్రదర్శించింది. తరవాతి కాలపు డెత్ మెటల్ శాఖకు అది ఒక మూలంగా నిలిచింది.

సోడమ్ పొరుగునే ఉన్న గెల్సెన్‌కిర్హెన్ బృందం. గాయకుడు, బేస్ గిటార్ వాద్యకారుడు టామ్ ఏంజెల్‌రిప్పర్ యువకుడిగా బొగ్గు గనిలో పనిచేశాడు. 1985 నాటి వారి తొలి రికార్డులో వాద్య నైపుణ్యం చాలా తక్కువ. 1987లో వచ్చిన పర్సిక్యూషన్ మేనియా, 1989లో వచ్చిన ఏజెంట్ ఆరెంజ్ నాటికి వారు పరిణతి సాధించారు. రెండో దానికి జర్మన్ ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో చోటు దక్కింది. ఇంత కరకు సంగీతానికి అది పెద్ద విజయమే.

డిస్ట్రక్షన్ రూర్ ప్రాంతానికి చెందినది కాదు. దాని స్వస్థలం వైల్ ఆమ్ రైన్. జర్మనీ నైరుతి మూలన, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులు కలిసే చోట ఉన్న చిన్న పట్టణమిది. ఇక్కడ బొగ్గు గనులు లేవు. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన టాంకార్డ్‌కు కూడా గనులతో సంబంధం లేదు. గనుల రొదే ఈ సంగీతాన్ని పుట్టించిందన్న వాదానికి ఈ రెండు బృందాలు అడ్డు తగులుతాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ రొద వందేళ్ల నుంచీ ఉంది. ఈ సంగీతం మాత్రం ఆ రొద తగ్గుతున్న కాలంలో పుట్టింది. కాబట్టి కర్మాగారపు శబ్దం కంటే అది ఆగిపోతున్నప్పుడు మిగిలిన ఖాళీయే ముఖ్యమని గ్రహించాలి. మూతపడిన గని సాధన గదిగా మారింది. పని లేని సాయంత్రాలు సాధనకు సమయం ఇచ్చాయి.

ఆఖెన్‌కు చెందిన హోలీ మోజెస్ కూడా గమనించదగిన బృందం. పూర్తిగా మగవారి రంగంగా ఉన్న ఈ సంగీతంలో సబీనా క్లాసెన్ ఆ బృందానికి ప్రధాన గాయని. అప్పటివరకు మగవారికే చెల్లుతుందనుకొన్న కరకు గాత్రాన్ని ఆమె స్వీకరించింది. అయినా స్త్రీల సంఖ్య వేదిక మీదా, శ్రోతల్లోనూ చాలాకాలం తక్కువగానే ఉండిపోయింది. ఈ సంగీతాన్ని అందరిదిగా వర్ణించేవారు ఈ పరిమితిని విస్మరించకూడదు.

12.5 తపాలా, కాసెట్లు, చిన్న కంపెనీలు

వందల కిలోమీటర్ల దూరంలో, ఒకరినొకరు ఎరగని యువకులు ఒకే రకమైన సంగీతాన్ని ఎలా సృష్టించగలిగారు? ఈ ప్రశ్నకు సమాధానం ఆనాటి సమాచార మార్గాల్లో ఉంది.

మొదటిది కాసెట్. రికార్డు కంపెనీ అవసరం లేకుండానే బృందాలు తమ పాటలను నమూనా కాసెట్లుగా తయారుచేసేవి. అభిమానులు వాటికి నకళ్లు తీసి తపాలాలో పంపుకొనేవారు. కాసెట్ పంపినవారికి బదులుగా మరో కాసెట్ అందేది. ఇందులో డబ్బు ప్రసక్తి తక్కువ, నమ్మకం ఎక్కువ. ఇలా ఒక కాసెట్ కొన్ని వారాల్లో ఒక దేశం నుంచి మరో దేశానికి చేరేది. నకలుకు నకలు తీయడం వల్ల శబ్ద నాణ్యత తగ్గినా శ్రోతలు పట్టించుకోలేదు.

రెండోది పత్రికలు. నెదర్లాండ్స్‌లో ఆర్డ్‌షాక్ 1980లో, బ్రిటన్‌లో కెరాంగ్ 1981లో, డార్ట్‌మండ్‌లో రాక్ హార్డ్ 1983లో మొదలయ్యాయి. వీటితోపాటు అభిమానులే టైపు చేసి, జిరాక్సు తీసి పంచిన చిన్న పత్రికలు అనేకం. చిరునామాలు దొరికేది వీటిలోనే.

మూడోది చిన్న రికార్డు కంపెనీలు. పెద్ద కంపెనీలు ఈ సంగీతాన్ని పట్టించుకోలేదు. పంక్ రికార్డుల వ్యాపారంలో అనుభవం ఉన్న కార్ల్ ఉల్రిఖ్ వాల్టర్‌బాఖ్ 1983లో బెర్లిన్‌లో నాయిస్ రికార్డ్స్‌ను స్థాపించాడు. క్రియేటర్, టాంకార్డ్, స్విస్ బృందాలైన సెల్టిక్ ఫ్రాస్ట్, కరోనర్, ఇంగ్లండ్ బృందం సబ్బాత్ ఆ కంపెనీ ద్వారానే వెలుగులోకి వచ్చాయి. సోడమ్, డిస్ట్రక్షన్ స్టీమ్‌హామర్ పేరుతో రికార్డులు తెచ్చిన మరో జర్మన్ కంపెనీలో చేరాయి. బెర్లిన్ స్టూడియోలో పనిచేసిన హారిస్ జాన్స్ ప్లెజర్ టు కిల్, పర్సిక్యూషన్ మేనియా, ఏజెంట్ ఆరెంజ్, టాంకార్డ్ తొలి ఆల్బమ్ జాంబీ ఎటాక్ మొదలైన వాటికి నిర్మాణ బాధ్యత వహించాడు. వేర్వేరు ఊళ్ల బృందాల్లో ఒక ఉమ్మడి జర్మన్ బాణీ వినిపించడానికి ఒకే స్టూడియో, ఒకే నిపుణుడు కూడా కారణమని చెప్పవచ్చు.

తక్కువ పెట్టుబడి వల్ల రికార్డింగ్ త్వరగా ముగించవలసి వచ్చేది. తప్పులను సరిదిద్దే సమయం ఉండేది కాదు. తొలి ఆల్బమ్‌లలో వినిపించే తొందర కొంతవరకు ఈ ఆర్థిక పరిమితి ఫలితమే. విచిత్రమేమిటంటే తరవాతి తరాలు మెచ్చుకొన్నది ఆ తొందరనే.

12.6 ఇతర దేశాలు

స్విట్జర్లాండ్‌లో 1982లో ఏర్పడిన హెల్‌హామర్ రద్దయి, 1984లో సెల్టిక్ ఫ్రాస్ట్‌గా రూపాంతరం చెందింది. ఈ బృందం వేగం కంటే భయానక వాతావరణానికి ప్రాధాన్యమిచ్చింది. వారి టు మెగా థెరియన్ ఆల్బమ్‌కు ప్రఖ్యాత స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ చిత్రాన్ని ముఖచిత్రంగా వాడారు. జ్యూరిఖ్‌కు చెందిన కరోనర్ క్లిష్టమైన వాద్య నైపుణ్యానికి పేరు పొందింది.

డెన్మార్క్‌లో ఆర్టిలరీ బృందం 1985లో తొలి ఆల్బమ్ తెచ్చింది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నుంచి వచ్చిన ఆన్‌స్లాట్ పంక్ బృందంగా మొదలై థ్రాష్ వైపు మళ్లింది. ఈ సంగీతానికి మూలాలు అందించిన బ్రిటన్‌లో థ్రాష్ బృందాలు జర్మనీ స్థాయిలో ఎదగకపోవడం గమనార్హం. మూలం ఒకచోట ఉన్నంత మాత్రాన వికాసం కూడా అక్కడే జరగదు. కంపెనీలు, స్టూడియోలు, పత్రికలు, సాధన స్థలాలు ఒకచోట కూడినప్పుడే అది సాధ్యమవుతుంది. 1980ల జర్మనీలో అవి కూడాయి.

12.7 ఇతివృత్తాల్లో వచ్చిన మార్పు

తొలి రికార్డుల్లో ఎక్కువగా కనిపించేవి దయ్యాలు, నరకం, రక్తపాతం. ఇది వెనమ్ నుంచి వచ్చిన వేషం. పెద్దలను, చర్చిని రెచ్చగొట్టడం దాని ఉద్దేశం. దీన్ని మతవిశ్వాసంగా భావించడం పొరపాటు. పదిహేడేళ్ల వయసులో రాసిన ఆ పాటలకు లోతు తక్కువ అన్న విమర్శలో న్యాయం ఉంది.

1987 నుంచి మార్పు స్పష్టమైంది. ఆ సంవత్సరం క్రియేటర్ తెచ్చిన ఆల్బమ్‌లోని టాక్సిక్ ట్రేస్ అనే పాట కాలుష్యం గురించినది. సోడమ్ దయ్యాలను వదిలి యుద్ధాన్ని ఇతివృత్తంగా తీసుకొంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవులపై చల్లిన విషరసాయనం పేరే ఏజెంట్ ఆరెంజ్. టాంకార్డ్ హాస్యాన్ని ఎంచుకొంది. జర్మనీ బీరు స్వచ్ఛత నిబంధనను ఇతర దేశాల బీరును అడ్డుకోవడానికి వాడరాదని ఐరోపా న్యాయస్థానం 1987 మార్చిలో తీర్పు చెప్పింది. ఇక దిగుమతి బీరుతో రసాయనాలు వస్తాయని దేశంలో గగ్గోలు బయలుదేరింది. టాంకార్డ్ ఆ సంవత్సరపు ఆల్బమ్ కెమికల్ ఇన్వేజన్ ఈ గొడవనే వస్తువుగా చేసుకొంది. ఐరోపా ఉమ్మడి మార్కెట్ చరిత్ర ఒక థ్రాష్ ఆల్బమ్‌లో నమోదు కావడం చరిత్ర విద్యార్థికి ఆసక్తికరమైన విషయం.

నరకం అనే కల్పన నుంచి యుద్ధం, విషం, అణుప్రమాదం అనే వాస్తవాల వైపు జరిగిన ఈ ప్రయాణంలో సంగీతం పెద్దగా మారలేదు. భయాన్ని చెప్పడానికి వారు ముందే సిద్ధం చేసుకొన్న భాషకు తగిన వస్తువు దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

3. గనుల రొద వాదానికి డిస్ట్రక్షన్ బృందం ఎలా మినహాయింపు?
4. థ్రాష్ సంగీత వ్యాప్తిలో కాసెట్ల పాత్రను వివరించండి.

12.8 ఇనుప తెర అవతల

సోషలిస్టు దేశాల్లో ఈ సంగీతానికి అభిమానులు ఉన్నా మార్గాలు తక్కువ. తూర్పు జర్మనీలో బహిరంగంగా ప్రదర్శన ఇవ్వాలంటే బృందం అధికారిక పరీక్షకు హాజరై అనుమతి పొందాలి. హెవీ మెటల్ అభిమానులపై రాజ్య భద్రతా శాఖ నిఘా ఉంచింది. అదే సమయంలో ప్రభుత్వ యువజన రేడియో డిటి-64 హెవీ మెటల్ కోసం ప్రత్యేక కార్యక్రమం నడిపింది. యువకులు దాన్ని ఇళ్లలో కాసెట్ల మీద రికార్డు చేసుకొనేవారు. నిషేధం, అనుమతి రెండూ పక్కపక్కనే సాగాయి. పోలెండ్‌లో బొగ్గు ప్రాంతమైన సైలీసియాకు చెందిన కటోవిట్సె నగరంలో 1986లో మెటల్‌మేనియా అనే ఉత్సవం మొదలైంది. అదే నగరపు కాట్ బృందం ఆ దేశపు తొలితరం కరకు మెటల్ బృందాల్లో ముఖ్యమైనది.

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకొంది. నాలుగు నెలలు తిరగకముందే, 1990 మార్చి 4న, తూర్పు బెర్లిన్‌లోని వెర్నర్ జేలెన్‌బిండర్ హాలులో క్రియేటర్, టాంకార్డ్, కరోనర్, సబ్బాత్ బృందాలు ప్రదర్శన ఇచ్చాయి. అప్పటికి తూర్పు జర్మనీ ఇంకా ప్రత్యేక దేశమే. అక్కడి తొలి స్వేచ్ఛా ఎన్నికలు మార్చి 18న జరిగాయి. ఏళ్ల తరబడి నకలు కాసెట్లలో మాత్రమే విన్న బృందాలు ఎదురుగా నిలబడిన ఆ రాత్రిని వీడియోగా చిత్రీకరించి విడుదల చేశారు. మూడు దేశాలకు చెందిన ఈ నాలుగు బృందాలనూ ఒక వేదిక మీదికి తెచ్చింది ప్రభుత్వాల మధ్య సాంస్కృతిక ఒప్పందం కాదు, నాయిస్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ. పైన చెప్పిన సంబంధాల శక్తికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

12.9 వెనుకంజ, పునరాగమనం

1990ల్లో పరిస్థితి మారింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడంతో అణుభయం తగ్గింది. అమెరికా నుంచి గ్రంజ్, జర్మనీలోనే టెక్నో సంగీతం యువతను ఆకర్షించాయి. వేగంలో, కాఠిన్యంలో డెత్ మెటల్ ముందుకు పోయింది. క్రియేటర్ 1992లో రెన్యూవల్ ఆల్బమ్‌తో కొత్త బాణీ ప్రయత్నించగా పాత అభిమానులు కొందరు దూరమయ్యారు. డిస్ట్రక్షన్ తన గాయకుడు ష్మీర్‌తో విడిపోయి బలహీనపడింది.

దశాబ్దం చివర ష్మీర్ తిరిగివచ్చాడు. 2000లో డిస్ట్రక్షన్, 2001లో క్రియేటర్, సోడమ్ పాత బాణీకి దగ్గరగా ఉన్న ఆల్బమ్‌లు విడుదల చేశాయి. క్రియేటర్ ఆల్బమ్ వయొలెంట్ రివల్యూషన్ ఈ పునరాగమనానికి గుర్తుగా నిలిచింది. 2017లో అదే బృందపు గాడ్స్ ఆఫ్ వయొలెన్స్ జర్మన్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం పొందింది. తొలి ఆల్బమ్ వచ్చిన 32 సంవత్సరాల తరవాత ఇది సాధ్యమైంది.

12.10 నిలిచిన ఆదరణకు కారణాలు

గతం మీద మమకారం ఒక కారణమే. అయితే 1985లో పుట్టనివారు కూడా ఈ సంగీతాన్ని వింటున్నారు, వాయిస్తున్నారు. కాబట్టి ఇతర కారణాలను వెతకాలి.

(అ) ప్రవేశం సులభం: తొలి ఆల్బమ్‌ల అసంపూర్ణత కొత్తవారికి ధైర్యం ఇస్తుంది. గొప్ప శిక్షణ లేకుండానే మొదలుపెట్టవచ్చని, నైపుణ్యం తరవాత వస్తుందని సోడమ్ ఉదాహరణ చూపుతుంది.

(ఆ) వస్తువు పాతబడలేదు: యుద్ధం, పర్యావరణ నాశనం, అధికార దుర్వినియోగం ఇప్పటికీ ఉన్న సమస్యలే.

(ఇ) సామూహిక అనుభవం: వేదిక ముందు శ్రోతలు ఒకరినొకరు తోసుకొంటూ ఆడతారు. చూడటానికి హింసలా కనిపించినా, పడినవారిని వెంటనే లేపాలన్నది అందులో అందరూ పాటించే నియమం. కోపాన్ని ఎవరికీ హాని కలగకుండా వ్యక్తం చేసే స్థలం అది.

(ఈ) కొత్త శాఖలకు మూలం: డెత్ మెటల్, నార్వే బ్లాక్ మెటల్ ఈ తొలి ఐరోపా రికార్డుల నుంచి స్ఫూర్తి పొందాయి. బ్రెజిల్‌లోని సెపుల్టురా బృందంపై జర్మన్ థ్రాష్ ప్రభావం ఉంది. ఆ బృందం 1989లో తన తొలి ఐరోపా పర్యటనను సోడమ్‌తో కలసి చేసింది.

(ఉ) స్వతంత్ర నిర్మాణం: పత్రికలు, చిన్న కంపెనీలు, ఉత్సవాలు అభిమానుల చేతుల్లోనే పెరిగాయి. రాక్ హార్డ్ పత్రిక 2003 నుంచి గెల్సెన్‌కిర్హెన్‌లో ఏటా ఉత్సవం జరుపుతూ వచ్చింది. పెద్ద కంపెనీలు, టెలివిజన్ పట్టించుకోని కాలంలో కూడా ఈ సంగీతం బతికి ఉండటానికి ఇదే ఆధారం.

12.11 సారాంశం

ఐరోపా థ్రాష్ మెటల్ అమెరికాకు నకలు కాదు, గనుల రొదకు ప్రతిధ్వని కూడా కాదు. బ్రిటిష్ మూలాల నుంచి జర్మనీ, స్విట్జర్లాండ్, డెన్మార్క్ యువకులు తపాలా, కాసెట్లు, చిన్న కంపెనీల సాయంతో దాన్ని నిర్మించుకొన్నారు. పరిశ్రమల పతనం, అణుభయం దానికి వస్తువును ఇచ్చాయి. రూర్ ప్రాంతపు ఉదాహరణ దీన్ని స్పష్టం చేస్తుంది. ఎస్సెన్‌లోని త్సోల్‌వెరైన్ గని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. జర్మనీలోని చివరి నల్లబొగ్గు గని, బోట్రోప్‌లోని ప్రాస్పర్-హానియల్, 2018 డిసెంబరు 21న మూతపడింది. గని సందర్శన స్థలంగా మారింది. ఆ గనుల ఊళ్లలో పని దొరకని పిల్లలు మొదలుపెట్టిన సంగీతం మాత్రం ఇంకా పనిలోనే ఉంది.

12.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. 1980 దశకంలో పశ్చిమ జర్మనీ సామాజిక, ఆర్థిక పరిస్థితులకు, థ్రాష్ మెటల్ ఆవిర్భావానికి ఉన్న సంబంధాన్ని చర్చించండి.
2. ఐరోపా థ్రాష్ మెటల్‌కు నిలిచిన ఆదరణ లభించడానికి కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. థ్రాష్ వికాసంలో చిన్న రికార్డు కంపెనీల పాత్ర ఏమిటి?
2. 1987 తరవాత పాటల ఇతివృత్తాల్లో వచ్చిన మార్పును ఉదాహరణలతో వివరించండి.
3. 1990 మార్చి 4 నాటి తూర్పు బెర్లిన్ ప్రదర్శన చారిత్రక ప్రాముఖ్యాన్ని తెలపండి.